టేపులో పాడే చిలగడదుంపల బండి: సంప్రదాయమా, ఉత్త రొదా?

రెల్లుపీక: జపాన్‌లో చిలగడదుంపల బండి ఇప్పుడు చిన్న ట్రక్కు. "ఈషీ యాకీ ఈమో" (రాళ్లలో కాల్చిన దుంప) అని స్పీకర్లో టేపు తిరుగుతుంది. దాన్ని సంప్రదాయ సంగీతం అంటే నాకు మింగుడుపడదు. రాత్రిపూట నూడుల్స్ బండివాడి చారుమెరా చూడండి. మన సన్నాయికి దాయాది: రెల్లు పీక, చెక్క గొట్టం, చివర ఇత్తడి గిన్నె. పేరు పోర్చుగీసు వాళ్లది. ముందు 7 రంధ్రాలు, వెనక 1. అమ్మకానికి మూడు స్వరాలే చాలు: సరిగా రిస, సరిగరిస రీ. షడ్జం మీద దిగడు, రిషభం మీదే వేలాడదీసి వదిలేస్తాడు.

కాల్చినగడ్డ: ఆ మూడు స్వరాలు జనానికి గుర్తుండటంలో 1966లో వచ్చిన చారుమెరా ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్రకటనల వాటా తక్కువేం కాదు. అదీ రికార్డింగే. మరి పాటను చంపిందా, బతికించిందా?

ఉలవచారు: టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) అమ్మేవాళ్ల బూర "తో... ఫూ..." అని పేరే పలుకుతుంది. అందుకే తయారుచేశారు.

రెల్లుపీక: కాదండీ. మేజీ చక్రవర్తి కాలం (1868–1912) తొలినాళ్లలో గుర్రబ్బండ్లు తోలేవాళ్లు జనాన్ని తప్పుకోమని ఊదిన బూర అది. "తోఫు" అన్నట్టు వినిపించి టోఫు అమ్మేవాళ్లు ఎత్తుకున్నారంటారు. అదీ టోక్యో వైపు మాట. ఒసాకా వైపు గంట కొట్టేవారు.

ఉలవచారు: వినిపిస్తుందా లేదా? అంతే నా ప్రశ్న.

రెల్లుపీక: లోపల హార్మోనియంలో ఉన్నట్టు ఒకే ఇత్తడి నాలుక. ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకోటి. పీల్చడం రానివాడి బూర "తో" దగ్గరే ఆగిపోతుంది. ఉమ్మి చేరి నాలుక అంటుకున్నా అంతే; విదిలించి ఆరబెట్టాలి. చారుమెరాకు ఇది తిరగేసి: పీక ఎండితే కీచుమంటుంది, ముందు తడపాలి.

ఉలవచారు: ప్రతి చర్చలోనూ నన్ను దిద్దడమే మీ పని. పోయినసారి సన్నాయి, ఈసారి టోఫు.

గెనుసుగడ్డ_కడప: 😀 మీరిద్దరూ బయట తేల్చుకోండి.

కాల్చినగడ్డ: పీక సంగతి సరే, అమ్మేవాడి సంగతో? ట్రక్కులో ఒక్కడే. స్టీరింగ్, గులకరాళ్ల కింద మంట, తూకం, చిల్లర అన్నీ అతనే. చలిలో గంటలకొద్దీ ఎవరు ఊదాలి? పాత రోజుల హాయి మీకు, గొంతు నొప్పి అతనికి!

రెల్లుపీక: అలా అంటారా! సరే, అసలు విషయం చెప్తాను. నా గొడవ యంత్రంతో కాదు. ఊదేవాడు వింటాడు. తలుపు చప్పుడైతే ఆగుతాడు, పసిపిల్లలున్న ఇంటి ముందు తగ్గిస్తాడు. టేపు వినదు. చెప్పులేసుకుని వీధిలోకి వచ్చేసరికి బండి మలుపు తిరిగిపోతుంది.

కాల్చినగడ్డ: అది టేపు తప్పా, యాక్సిలరేటర్ తప్పా? నడిచే వేగంతో పోనిచ్చి, మలుపుకు ముందు ఆపితే చాలు. "యాకీ" దగ్గర అంత సాగదీసేదే మనిషి బయటికి రావడానికి. నిదానంగా దుంపలో తీపి పుట్టినట్టే ఇదీ. 70 డిగ్రీల దగ్గర తగినంతసేపు ఉంటేనే పిండి చక్కెరవుతుంది. మంట పెంచి తొందరపడితే చప్పగా మిగులుతుంది.

రెల్లుపీక: ఆగే టేపైతే ఒప్పుకుంటాను. సంప్రదాయం అని మాత్రం అనను.

ఉలవచారు: "తోఫు" అనే వినిపిస్తుంది.