‘ఐదు గంటల నుంచి వాన’: ‘నుంచి’, ‘గా’, ఆంగ్ల పరీక్ష

సభ్యులందరికీ నమస్కారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వచ్చి పోటీ పరీక్షలకు చదువుకొనే పిల్లలు కొందరికి నేను ఆదివారాలు ఆంగ్ల వ్యాకరణం చెబుతుంటాను. మొన్నటి ఆదివారం ‘ఐ యామ్ లివింగ్ ఇన్ విశాఖపట్నం సిన్స్ టెన్ ఇయర్స్’ అన్న వాక్యంలో తప్పు ఎక్కడుందో గుర్తించమంటే, ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, ‘మాస్టారూ, సిన్స్ అన్నా ఫర్ అన్నా మనకు నుంచి అనే కదండీ అర్థం, మరి ఏది ఎక్కడ వేయాలో ఎలా తెలుస్తుంది?’ అని అడిగింది. కాలంలో ఒక బిందువును చెప్పేటప్పుడు ‘సిన్స్’, గడిచిన వ్యవధిని చెప్పేటప్పుడు ‘ఫర్’ అన్న నియమం ఆమెకు కంఠస్థమే. అయినా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పట్టభద్రులు రాసే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్ష మొదటి అంచెలో గంట వ్యవధిలో నూరు ప్రశ్నలు ఉంటాయి. వాటిలో ఆంగ్లానివి 25, ఒక్కొక్కదానికి రెండు మార్కులు, తప్పు రాస్తే 0.50 కోత. ఆ ఒత్తిడిలో కంఠస్థం చేసిన నియమం కన్నా ముందు మాతృభాషే నోటికి వస్తుంది. ‘పదేళ్ళ నుంచి విశాఖలో ఉంటున్నాను’ అన్న తెలుగు వాక్యమే ఆ ఆంగ్ల వాక్యం వెనుక ఉంది, అందుకే అందులో ఆమెకు తప్పు కనబడలేదు.

ఈ ప్రశ్నను ఆంగ్లం వైపు నుంచి కాక తెలుగు వైపు నుంచి చూడాలని నాకు అనిపించింది. బడిలో మనం వల్లె వేసిన విభక్తి ప్రత్యయాల పట్టికలో పంచమికి ‘వలనన్, కంటెన్, పట్టి’ అని ఉంటుందే తప్ప ‘నుంచి’ ఉండదు. రోజుకు వందసార్లు వాడే మాట గనుక దాన్ని ఆగి పరిశీలించే అవసరమే మనకు కలగలేదు. పరిశీలిస్తే, బిందువుకూ వ్యవధికీ ఉన్న తేడా తెలుగుకు తెలియనిది కాదు. ‘పదేళ్ళ నుంచి’ అన్నచోట ‘పదేళ్ళుగా’ అనవచ్చు, ‘మూడు రోజుల నుంచి’ అన్నచోట ‘మూడు రోజులుగా’ అనవచ్చు, ‘చాలాకాలం నుంచి’ అన్నచోట ‘చాలాకాలంగా’ అనవచ్చు. కాని ‘సోమవారం నుంచి’ అన్నదాన్ని ‘సోమవారంగా’ అని ఎవరూ అనరు. ‘2015 నుంచి’, ‘నిన్నటి నుంచి’, ‘చిన్నప్పటి నుంచి’ అన్నవాటికి కూడా ‘గా’ అతకదు. అంటే, ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టినప్పుడు మాట నిలిస్తే అది వ్యవధి, అక్కడ ‘ఫర్’ రావాలి. నిలవకపోతే అది బిందువు, అక్కడ ‘సిన్స్’ రావాలి. తెలుగు మాట్లాడే ఏ పిల్లవాడికైనా ‘సోమవారంగా’ అన్నది చెవికి ఎబ్బెట్టుగా తోస్తుంది. ఆ చెవిని నమ్ముకోమనే నేను పిల్లలకు చెబుతున్నాను. మన భాషను మరిచిపోతేనే ఆంగ్లం వస్తుందని వాళ్ళకు శిక్షణ తరగతుల్లో పదేపదే చెబుతుంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను.

అయితే ఈ పరీక్ష చేసే ముందు ఒక సంగతి చూసుకోవాలి. వాక్యంలో ‘వరకు’ ఉన్నా, పని ఇంకా మొదలుకాకపోయినా అక్కడ ‘ఫ్రమ్’ వస్తుంది. ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు’, ‘వచ్చే నెల నుంచి’ అన్నవి ఆ కోవలోనివి.

సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది. ‘గా’ పరీక్ష ఎక్కడ బెసుకుతుందో చెప్పగలరు.

గాజువాక సభ్యుడు: మాస్టారూ, మీరు చెప్పినది బాగుంది గాని ‘ఐదు గంటల నుంచి వాన కురుస్తోంది’ అన్న వాక్యాన్ని ఏం చేయాలి? ఐదు గంటలకు మొదలైన వాన అనీ అర్థం వస్తుంది, ఐదు గంటల సేపు కురిసిన వాన అనీ అర్థం వస్తుంది.

జవాబు: చాలా మంచి ఉదాహరణ ఇచ్చారండీ, నాకు తట్టలేదు. ‘గంట’ అన్న మాట మనకు గడియారంలోని వేళకూ అరవై నిమిషాల వ్యవధికీ ఒక్కటే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆంగ్లంలో ఆ రెంటికీ ‘ఓక్లాక్’, ‘అవర్స్’ అని వేరువేరు మాటలున్నాయి గనుక ‘సిన్స్ ఫైవ్ ఓక్లాక్’, ‘ఫర్ ఫైవ్ అవర్స్’ అని విడిపోతాయి. ఇక్కడ కూడా ‘గా’ పనికివస్తుందనే నా అభిప్రాయం: ‘ఐదు గంటలుగా వాన కురుస్తోంది’ అంటే వ్యవధి తప్ప మరో అర్థం రాదు. వేళనే చెప్పదలచుకొంటే మనం సహజంగానే ‘సాయంత్రం ఐదు గంటల నుంచి’ అని ముందొక మాట చేరుస్తాం. తెలుగు వాక్యం అస్పష్టంగా ఉన్నప్పుడు, అనువదించబోయే ముందు దాన్ని తెలుగులోనే స్పష్టం చేసుకోవడం పిల్లలకు అలవాటు కావాలి.

మద్దిలపాలెం సభ్యురాలు: ‘అనాదిగా’ అన్న మాటలో ‘గా’ ఉంది. కాని ఆంగ్లంలో ‘సిన్స్ టైమ్ ఇమ్మెమోరియల్’ అంటారు కదా. ఇంకొకటి, మా ఇంట్లో పెద్దవాళ్ళు ‘వచ్చిన దగ్గర నుంచి ఒకటే దగ్గు’ అంటారు. ఈ ‘దగ్గర నుంచి’ మాట ఏమిటి?

జవాబు: ‘అనాదిగా’ నిజంగా మినహాయింపేనమ్మా. అది సంస్కృత పదానికి ‘గా’ చేరి స్థిరపడిన రూపం, ‘నుంచి’కి బదులుగా వచ్చిన ‘గా’ కాదు. దాని పక్కనే ‘తరతరాలుగా’ అన్నది పెట్టి చూస్తే అది నియమానికి లోబడి ‘ఫర్ జెనరేషన్స్’ అవుతుంది. ఇక ‘దగ్గర నుంచి’ గురించి మీరు అడిగినది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ‘వచ్చిన దగ్గర నుంచి’, ‘పొద్దుటి దగ్గర నుంచి’ అంటాం గాని ‘పదేళ్ళ దగ్గర నుంచి’ అనం. కాలంలోని బిందువును మన పెద్దలు ఒక చోటుగా భావించి దానికి ‘దగ్గర’ అన్న మాట చేర్చారు. అంటే ‘గా’ వ్యవధికి గుర్తయితే ‘దగ్గర నుంచి’ బిందువుకు గుర్తు, దాని వెనుక ‘సిన్స్’ నిస్సందేహంగా వస్తుంది. పరీక్షల్లో ఇక్కడే ఇంకొక ఉచ్చు ఉంటుంది: ‘సిన్స్’ తరువాత ‘హి కేమ్’ అని భూతకాలమే రావాలి, ‘హి హ్యాజ్ కమ్’ అని ఇస్తే అదే తప్పున్న భాగం.

గాజువాక సభ్యుడు: మరి మొదటి వాక్యంలో ‘సిన్స్’ ఒక్కటే తప్పా? ‘యామ్ లివింగ్’ సంగతి ఏమిటి?

జవాబు: అదీ తప్పేనండీ, నిజానికి క్రియ దగ్గరే మన పిల్లలు ఎక్కువ మార్కులు పోగొట్టుకొంటున్నారు. ‘ఉంటున్నాను’ అన్న వర్తమాన క్రియ మనకు గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనిని కూడా చెప్పగలదు, ఆంగ్లంలో ‘యామ్ లివింగ్’ ఆ బరువు మోయలేదు. అందుకని ‘హ్యావ్ బీన్ లివింగ్’ రావాలి. దీనికి దగ్గరగా తెలుగులో ‘చదువుతూ వస్తున్నాను’ అన్న ప్రయోగం ఉంది. వాక్యాన్ని మనసులో ‘తూ వస్తున్నాను’గా మార్చగలిగితే ‘హ్యావ్ బీన్’ గుర్తుకు వస్తుంది. ఇది మాత్రం అన్ని క్రియలకూ పనికిరాదు. ‘అతను నాకు పదేళ్ళుగా తెలుసు’ అన్నదాన్ని ‘తెలుస్తూ వస్తున్నాడు’ అని మనం అనలేం, ఆంగ్లంలో కూడా ‘హ్యావ్ బీన్ నోయింగ్’ అనకూడదు, ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. వచ్చే ఆదివారం ఆ అమ్మాయి చేత ‘తెలుసు’, ‘ఇష్టం’, ‘కావాలి’, ‘నమ్మకం’ అన్న నాలుగు మాటలతో ఇటువంటి వాక్యాలు తెలుగులో మొదట రాయించి, ఆ తరువాతే ఆంగ్లంలోకి మార్పిస్తాను.