థెస్సలోనికిని వెనిస్‌కు అప్పగించిన అండ్రోనికోస్ గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను

చరిత్ర మిత్రులకు నమస్కారం. బైజాంటైన్ చక్రవర్తి రెండవ మాన్యుయేల్ కుమారులలో ఒకడైన అండ్రోనికోస్ పాలియోలోగోస్ గురించి చదువుతున్నాను. 1408లో, బాల్యం గడవకముందే, ఇతనికి 'డెస్పోట్' (రాజవంశీయులకు ఇచ్చే ఉన్నత బిరుదు) హోదాతో, నేటి గ్రీసులోని థెస్సలోనికి నగర పాలన దక్కింది. 1422లో ఆటోమన్ సేనలు నగరాన్ని ముట్టడించాయి. లోపల ఆహారం కరవై, రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నుంచి తగిన సాయం అందే దారి లేక, అప్పటికే తీవ్ర వ్యాధితో కుంగిపోయిన ఆ యువకుడు 1423లో నగరాన్ని వెనిస్ గణతంత్రానికి అప్పగించాడు. తరువాత సన్యసించి, 1429లో కాన్‌స్టాంటినోపుల్‌లో మరణించాడు. మరుసటి ఏడాది మార్చిలో ఆటోమన్ సుల్తాన్ రెండవ మురాద్ థెస్సలోనికిని జయించాడు.

అతడు 50,000 డుకాట్లకు (వెనిస్ బంగారు నాణేలకు) నగరాన్ని అమ్ముకున్నాడన్న నింద నన్ను బాధిస్తోంది. పౌరుల ఆచారాలనూ చర్చి హక్కులనూ గౌరవిస్తామన్న షరతుల మీద జరిగిన అప్పగింతను, నిస్సహాయుడైన పాలకుడు ప్రజల కోసం చేసిన చివరి ప్రయత్నంగానే నేను చూస్తున్నాను. అమ్మకం కథ ఏ కాలపు రచనలో మొదట కనిపిస్తుందో, నాటి వెనిస్ సెనేట్ తీర్మానాలు ఇంగ్లీషు అనువాదంలో ఎక్కడ చదవవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పగలరా? ముట్టడి కాలంలో ఆ నగరంలోనే ఉన్న ఆర్చిబిషప్ సిమియోన్ రచనలను చదివినవారు ఎవరైనా ఉంటే, ఆయన ఈ యువరాజును నిందించాడా, జాలిపడ్డాడా అన్నది ప్రత్యేకంగా తెలుసుకోవాలని ఉంది.