ఆయిల్ పెయింటింగ్‌లో చైనా కుంచె: క్లాసులో నేర్పాల్సిన విషయమా, ఎవరికి వారు తేల్చుకోవాల్సిందా?

కాన్వాస్_కబుర్లు:
పక్క చర్చలో చైనా చిత్రకారుడు వూ గ్వాన్‌జోంగ్ బొమ్మల గురించి మాట్లాడుకుంటుంటే ఒకరు, "చైనా వాళ్ళు ఆయిల్‌ని సొంతం చేసుకున్నారు, మన ఆర్ట్ కాలేజీలు ఆ పని చేయలేకపోయాయి" అన్నారు. మన సంగతి పక్కన పెడదాం. అసలు చైనాలోనే ఈ విషయం ఎప్పుడూ తేలలేదు.

1928లో హాంగ్‌జౌలో జాతీయ కళా విద్యాలయం పెట్టినప్పుడు దాని అధిపతి లిన్ ఫెంగ్‌మియాన్. ఫ్రాన్స్‌లో చదివొచ్చాడు, అప్పటికి ముప్పై కూడా నిండలేదు. చైనా చిత్రకళకి ఒక శాఖ, పాశ్చాత్య చిత్రకళకి ఇంకో శాఖ ఎందుకని రెండింటినీ కలిపి ఒకే శాఖ చేశాడు. అదే బడిలో చైనా సంప్రదాయ సిరా చిత్రకళ నేర్పే పాన్ టియాన్‌షౌకి ఇది మింగుడు పడలేదు. రెండింటి మధ్య దూరం పెంచాలే గానీ తగ్గించకూడదన్నది ఆయన వాదన. చివరిదాకా దాని మీదే నిలబడ్డాడు.

నా ఓటు పాన్‌కే. ఆర్టిస్టు తన గదిలో ఏం కలుపుకున్నా అడిగేవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి రెండూ ఒకేసారి నేర్పితే మాత్రం రెంటికీ చెడిన రేవళ్ళు అవుతారు. నేర్పేవాళ్ళూ నేర్చుకునేవాళ్ళూ మీ మాట చెప్పండి.

నీలిమబ్బు:
లిన్ బడిలో చదివిన ఆ రేవళ్ళు ఎవరో కూడా చెప్పండి సార్. జావో వూకీ, చూ తెచున్, వూ గ్వాన్‌జోంగ్. మొదటి ఇద్దరూ ఫ్రాన్స్ లలితకళల అకాడమీలో సభ్యులయ్యారు. వూ గ్వాన్‌జోంగ్‌కి 1992లో బ్రిటిష్ మ్యూజియంలోనే ఎగ్జిబిషన్ పెట్టారు. బతికున్న చైనా చిత్రకారుడికి అక్కడ అలా పెట్టడం అదే మొదటిసారి. ఒక్క బడి నుంచి ఇంతమంది వచ్చారంటే ఆ టీచర్ ఏదో సరిగ్గా చేసినట్టే కదా?

మసికుంచె:
సిద్ధాంతం తర్వాత, ముందు సరంజామా సంగతి చూద్దాం. ఈ చర్చల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

సిరా బొమ్మకి వాడే షువాన్ కాగితం పటిక, జిగురు పట్టించనిదైతే తడిని ఇట్టే పీల్చేస్తుంది. కుంచె ఆనించి ఒక్క క్షణం ఆగితే మచ్చ దానంతట అదే పెరుగుతుంది. గీత పడ్డాక చెరపడం లేదు, పైన ఇంకో పొర వేసి దాచడమూ లేదు. తెలుపు అనే రంగే వాడరు, వదిలేసిన కాగితమే తెలుపు. కాగితం బల్ల మీద పరిచి ఉంటుంది, కుంచె నిలువుగా పట్టుకుంటారు, భుజం నుంచి కదలాలి.

ఆయిల్‌లో అంతా తిరగేసి ఉంటుంది. కాన్వాస్ ఈజిల్ మీద నిలబడి ఉంటుంది. రంగు రోజుల తరబడి ఆరదు. నచ్చకపోతే కత్తితో గీకేసి మళ్ళీ వేయొచ్చు. తెలుపు ట్యూబులోంచి వస్తుంది, చాలాసార్లు అన్నిటికన్నా చివర్లో పడుతుంది. అంటే చెయ్యి ఒక్కటే తేడా కాదు, ఏది ముందు ఆలోచించాలి, ఏది తర్వాత అన్న వరసే వేరు.

"కలపమని" చెప్పగానే పిల్లలు చేసే మొదటి పని, రంగులో టర్పెంటైన్ పోసి పోసి సిరాలా పల్చన చేసి, కాన్వాస్ నేల మీద పరిచి పారబోయడం. ఆ రోజు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆరాక వేలు పెట్టి రుద్దితే రంగు పొడిలా వేలికి అంటుకుంటుంది. రంగుని పట్టి ఉంచాల్సిన నూనె అందులో మిగల్లేదు మరి. ఇంకొందరు ఏకంగా షువాన్ కాగితం మీదే ఆయిల్ వేస్తారు. గీత చుట్టూ నూనె ఊరి పసుపు వలయం ఏర్పడుతుంది. కొన్నేళ్ళకి ఆ నూనే కాగితాన్ని పెళుసు చేసి విరిగేలా చేస్తుంది.

వూ గ్వాన్‌జోంగ్ ఈ పని చేయలేదు. యాంగ్‌చీ నదికి దక్షిణాన ఉన్న జియాంగ్నాన్ ప్రాంతపు ఊళ్ళ సున్నపు గోడలు ఆయిల్‌లో వేసేటప్పుడు తెలుపుని దట్టంగా పెద్ద గడుల్లా పెట్టి, పైన నల్లటి కప్పుల్ని కొద్దిపాటి గీతల్లో తేల్చేశాడు. రంగు అచ్చంగా ఆయిల్ రంగులాగే ఉంటుంది, ఏది ఖాళీగా వదలాలన్న ఆలోచన మాత్రం సిరా బొమ్మది. తెగకుండా పారే పొడవాటి గీత మాత్రం ఆయిల్‌లో సాగదు, రంగు కుంచెని పట్టి లాగుతుంది. 1970ల మధ్యలో ఆయన కాగితం, సిరా వైపు మళ్ళడానికి అదీ ఒక కారణం.

బొగ్గుముక్క:
మీరంతా లిన్, పాన్ అంటున్నారు. చైనా ఆర్ట్ కాలేజీల్లో నెగ్గింది ఇద్దరూ కాదు, షూ బేహోంగ్. గుర్రాల బొమ్మలాయనే. ఆయన పారిస్‌లో గట్టిగా అకడమిక్ డ్రాయింగ్ నేర్చుకుని 1927లో తిరిగొచ్చాడు. ఏ బొమ్మకైనా పునాది స్కెచింగేనని, సిరా విద్యార్థులైనా సరే ముందు బొగ్గుతో ఉన్నది ఉన్నట్టు గీయాలని పట్టుబట్టాడు. 17వ శతాబ్దంలో మొదలైన ఒక నమూనాల పుస్తకంలోంచి చెట్టు ఇలా, రాయి ఇలా అని కాపీ కొట్టించే పద్ధతంటే ఆయనకి ఒళ్ళుమంట. 1947లో బేపింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ఆయన నడిపే కాలేజీలో ముగ్గురు సిరా అధ్యాపకులు క్లాసులే మానేశారు. మా పిల్లలకి ఈ స్కెచింగ్ ఎక్కువైపోయింది, మా విద్యకి టైమ్ చాలడం లేదన్నది గొడవ.

ఆయన మనకి కొత్తేమీ కాదు. 1939 చివర్లో ఠాగూర్ పిలిస్తే శాంతినికేతన్ వచ్చాడు, అక్కడే గాంధీని చూసి స్కెచ్ వేశాడు. కొండని తవ్వి పక్కకి జరపబోయిన ముసలాయన కథని 1940లో మన దేశంలో ఉండగానే వేశాడు. సిరా బొమ్మే, నాలుగు మీటర్లు దాటిన పొడవు. ఆ తవ్వేవాళ్ళ వీపులు, పిక్కలు చూడండి. మోడల్‌ని ఎదురుగా నిలబెట్టి గీయడం రానివాడికి ఆ కండ రాదు. ఇదీ కలపడమంటే.

కాన్వాస్_కబుర్లు:
నీలిమబ్బు గారూ, ఆ జాబితా వల్ల మీ వాదన కన్నా నాదే బలపడుతోంది. జావో వూకీ 1948లో పారిస్ వెళ్ళాక చాలా ఏళ్ళు సిరా జోలికే పోలేదు. చైనా సరుకు అమ్ముకుంటున్నాడని ఎవరైనా అంటారేమోనన్న జంకు. 1970ల మొదట్లో, భార్య జబ్బుపడిన రోజుల్లో, మిత్రుడైన కవి, చిత్రకారుడు ఆన్రీ మిషో ప్రోత్సాహంతో మళ్ళీ పట్టుకున్నాడు. కలయిక జరిగింది క్లాసులో కాదు, నడివయసులో. పైగా వూ జ్ఞాపకాల ప్రకారం హాంగ్‌జౌలో ఎక్కువ టైమ్ పాశ్చాత్య చిత్రకళకే, సిరా క్లాసులు తక్కువ. పేరుకే సంగమం. వూ మధ్యలో పాన్ మీద అభిమానంతో సిరా వైపు వెళ్ళి, రంగుల మీద మోజు చావక మళ్ళీ ఆయిల్‌కి వచ్చాడు. పాన్ దగ్గర సిరాని సిరాగానే నేర్చుకున్నాడు కాబట్టే తర్వాత కలపడానికి చేతిలో సరుకుంది.

ఇంకో మాట. లిన్ స్వయంగా తర్వాతి కాలంలో ఎక్కువగా వేసింది చదరపు కాగితాల మీద సిరా, రంగులు కలిపిన బొమ్మలు, రెల్లులో పక్షులు, కూర్చున్న ఆడవాళ్ళు. యుద్ధంలో ఆయన పాత ఆయిల్స్ చాలావరకు పోయాయి, నిజమే. కానీ మళ్ళీ ఆ దారిలోకి అంతగా రాలేదు.

నీలిమబ్బు:
ఎందుకు రాలేదో కూడా చెప్పాలి కదా. మావో కాలపు సాంస్కృతిక విప్లవంలో తన బొమ్మల్ని తనే నానబెట్టి ముద్ద చేసి టాయిలెట్‌లో పారేసుకున్న మనిషి ఆయన. నాలుగేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. కలపమన్న లిన్‌నీ వదల్లేదు, వేరుగా ఉంచమన్న పాన్‌నీ వదల్లేదు. పాన్ వేధింపుల్లోనే 1971లో పోయాడు. వాళ్ళిద్దరి మధ్య తేడా పైవాళ్ళకి అక్కర్లేకపోయింది.

ఎర్రతివాచీ:
పైవాళ్ళ మాట వచ్చింది కాబట్టి డోంగ్ షీవెన్ గురించి చెప్పాలి. బీజింగ్‌లోని తియానన్‌మెన్ ద్వారం మీద మావో కొత్త ప్రభుత్వాన్ని ప్రకటించే పెద్ద ఆయిల్ ఆయనదే, 1953లో పూర్తయింది. ఈయనా హాంగ్‌జౌలో చదివినవాడే, తర్వాత డున్‌హువాంగ్‌లోని పాత బౌద్ధ గుహల్లో కుడ్యచిత్రాలకి ఏళ్ళ తరబడి నకళ్ళు తీశాడు. ఆ బొమ్మలో నీడలు దాదాపు లేవు, కొత్త సంవత్సరానికి గుమ్మాలకి అంటించే బొమ్మల్లోలాగా ఎరుపు, నీలం చదునుగా మెరుస్తుంటాయి. కుడివైపు నిజంగా ఉండాల్సిన ఒక స్తంభాన్ని ఎత్తేశాడు, మైదానం కనబడాలని. తివాచీ గరుకుగా కనిపించడానికి రంగులో రంపపు పొట్టు కలిపాడు. రాజకీయం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఆ తివాచీ పనితనం మాత్రం చూడాల్సిందే.

1957లో "ఆయిల్‌లో చైనా శైలి" రావాలని వ్యాసం రాసింది కూడా ఈయనే. అప్పటికే సోవియట్ చిత్రకారుడు మక్సీమోవ్ బీజింగ్‌లో రెండేళ్ళు క్లాసు నడిపాడు, అందరూ ఆయనలాగే బూడిదరంగు తేడాలు వెతుక్కుంటున్నారు. కలపాలన్న కోరిక ఆ ఉక్కపోతలోంచి పుట్టింది. కాబట్టి దాన్ని సిలబస్ గొడవగా మాత్రమే చూడకండి.

కాన్వాస్_కబుర్లు:
ఒప్పుకుంటా, పనితనం గొప్పదే. కానీ డున్‌హువాంగ్‌లో అన్నేళ్ళు కూర్చుని నకళ్ళు తీశాకే కదా! మళ్ళీ నా మాటకే వచ్చారు.

నీలిమబ్బు:
అందరూ మీ మాటకే వస్తున్నారంటే మీ మాట రబ్బరులా సాగుతోందని అర్థం. 1992లో వూ, బొమ్మ నుంచి విడదీస్తే కుంచె-సిరా నైపుణ్యం విలువ సున్నా అని రాశాడు. దానికి ఇంకో చిత్రకారుడు జాంగ్ డింగ్ 1998లో, చైనా చిత్రకళకి ఒక కనీస హద్దు ఉంటుంది, దాన్ని కాపాడుకోవాలని జవాబు రాశాడు. అక్కడ రెండు వర్గాలైపోయారు. మీరు జాంగ్ వైపు నిలబడి వూని ఉదాహరణగా చూపిస్తున్నారు. ఎలా కుదురుతుందండీ?

బెజవాడ_టీచరమ్మ:
నేను బి.ఎఫ్.ఏ. పిల్లలకి పెయింటింగ్ చెబుతాను. ఇద్దరి మాటల్లోనూ నాకు పనికొచ్చేది కొంతే ఉంది.

1985లో జావో వూకీ తను చదివిన హాంగ్‌జౌ కాలేజీకే వచ్చి నెల రోజులు క్లాసు తీసుకున్నాడు. వచ్చినవాళ్ళలో చాలామంది అప్పటికే అధ్యాపకులు, ఒకే పద్ధతిలో చెయ్యి తిరిగినవాళ్ళు. పారిస్ నుంచి పెద్దాయన వచ్చాడు, తూర్పూ పడమరా కలిపే కిటుకు చెబుతాడని ఆశపడి ఉంటారు. ఆయన మోడల్‌ని కూర్చోబెట్టి, మనిషిని ఒక్కదాన్నే కాదు, మనిషి చుట్టూ ఉన్న చోటునీ చూడమన్నాడు. బొమ్మకి ఊపిరి ఆడాలన్నాడు. ఆ చూపు సిరా బొమ్మ నుంచే వచ్చింది, కానీ ఆయన ఎవరి చేతా సిరా కుంచె పట్టించలేదు. నాకు నచ్చిన టీచింగ్ అది.

నా క్లాసులో మొదటి ఏడాది సిరా వేరు, ఆయిల్ వేరు. అంతవరకు పాన్ గారి దారే. రెండో ఏడాది కాన్వాస్ మీద ఒక షరతు పెడతాను: తెల్లరంగు ట్యూబు ముట్టుకోకూడదు, తెలుపంతా ముందే వదిలేయాలి. "చైనా పద్ధతి" అని పేరు కూడా ఎత్తను. పిల్లలు రెండు రోజులు తిట్టుకుంటారు, తర్వాత కాన్వాస్ ముందు కూర్చుని ఏమీ వేయకుండా చాలాసేపు చూడటం మొదలెడతారు. అలా చూడటమే నాకు కావాల్సింది. టర్పెంటైన్ పారబోతలు మాత్రం మసికుంచె గారు చెప్పినట్టే, నేనూ మార్కులు కోస్తాను.

కాన్వాస్_కబుర్లు:
తెల్లరంగు షరతు బాగుంది మేడమ్. కానీ అది నా లెక్కలో కలపడమే. మొదటి ఏడాది ఒక్కటీ సరిపోదు, సిరాకి కనీసం మూడేళ్ళు వేరుగా ఇవ్వాలి.

బెజవాడ_టీచరమ్మ:
మూడేళ్ళు ఇవ్వడానికి నా దగ్గరున్న కోర్సే నాలుగేళ్ళు సార్. అందులో ఆర్ట్ హిస్టరీ, ప్రింట్‌మేకింగ్ కూడా ఉన్నాయి. మీరు చెప్పండి, వాటిలో దేన్ని తీసేయను?