నాయనకు పక్షవాతం, స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కు నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. ఇప్పించమంటారా?

దేవరకొండ_పత్తిచేను:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయనకు 57 ఏళ్లు. పోయిన వానాకాలం పొద్దున్నే చేనుకు పోదామని చెప్పులు వేసుకుంటుంటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని గ్లూకోజు ఎక్కించాడు, హైదరాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సీటీ తీసి మెదడులో ఎడమ వైపు రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందన్నారు, కరిగించే ఇంజెక్షన్‌కు టైం దాటిపోయిందన్నారు. ఎనిమిది నెలలు కావస్తోంది. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తాడు. చెయ్యి మాత్రం ఛాతీ దాకా లేస్తుంది, వేళ్లు సగమే తెరుచుకుంటాయి.

ఇప్పుడు సంగతేమిటంటే హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్లు తుంటి ఎముకలో నుంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ (కొత్త కణాలను పుట్టించే కణాలట) వేరు చేసి మళ్లీ వెన్నులోకి, నరంలోకి ఎక్కిస్తామంటున్నారు. మూడు సిట్టింగులు, నాలుగున్నర లక్షలు. ఈ నెలలో కడితే యాభై వేలు తగ్గిస్తారట. తగ్గింపు అనగానే నాకు అనుమానం వచ్చింది గానీ మా బావ ఒప్పుకోడు. బ్లడ్ క్యాన్సర్‌కు, తలసేమియాకు మూలుగ మారిస్తే బాగవుతోంది కదా, దీనికి ఎందుకు కాదు అంటాడు. అమ్మ రోడ్డు పక్కన ఇరవై గుంటలు అమ్ముదామని ఇప్పటికే ఇద్దరితో మాట్లాడింది.

రిపోర్టుల్లో ఉన్నవి టైపు చేస్తున్నా, ఎవరికైనా పనికొస్తే చూడండి. బీపీ 140/90, షుగర్ పరగడుపున 104, కొలెస్ట్రాల్ 170, ఈసీజీ, ఎకో నార్మల్. హిమోగ్లోబిన్ 18.8, పీసీవీ 57, తెల్ల కణాలు 13,200, ప్లేట్‌లెట్లు 6.4 లక్షలు. రక్తం బాగానే ఉందన్నారు. వాడేవి ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, ఒక బీపీ గోళీ.

పాలమూరు_ఫిజియో:

తమ్ముడూ, భూమి బేరం రెండు వారాలు ఆపించు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను, ఇలాంటి ఇంజెక్షన్లు వేయించుకుని వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్ల ప్యాకేజీలో ఫిజియో కూడా కలిపే ఉంటుంది, గమనించావా? తర్వాత చెయ్యి కొంచెం లేస్తే ఆ పేరు ఇంజెక్షన్‌కు పోతుంది.

మీ నాయన వేళ్లు సగమైనా తెరుచుకుంటున్నాయన్నావు, అది నాకు చాలా ముఖ్యమైన మాట. వేళ్లు, మణికట్టు కొంచెమైనా పైకి లేస్తే బాగున్న చేతికి గ్లవ్ తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఒకటుంది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై అమెరికాలో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు, రెండు వారాల గట్టి శిక్షణతో చేతి వాడకం పెరిగింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం గ్లవ్ తొడుక్కునే ఉండాలి, రోజుకు గంటల తరబడి అభ్యాసం, ముసలాయనకు విసుగొస్తుంది, తిడతాడు కూడా. ఒక్కసారి తీసుకురా, మణికట్టు ఎంత లేస్తుందో చూసి ఆయనకు పనికొస్తుందో లేదో చెబుతాను. అందాకా మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని గుంజొద్దని ఇంట్లో అందరికీ చెప్పు, భుజం కీలు జారితే నొప్పికి ఇక చెయ్యే ముట్టనివ్వడు.

కోదాడ_రమణీయం:

అందరూ వద్దనేవాళ్లేనా? మా మేనమామకు ఇప్పించాం. పక్షవాతం వచ్చిన రెండో నెలలో వేయించాం, ఐదో నెలకు తన అన్నం తాను తిన్నాడు, ఇప్పుడు కోదాడ బస్టాండు దాకా నడిచి పోతాడు. డబ్బులు పోతే పోనీ, మనిషి కదా ముఖ్యం. ప్రయత్నించకుండా కూర్చుంటే రేపు మనసు ఊరుకుంటుందా? కంటితో చూసినదే చెబుతున్నా.

వనపర్తి_ల్యాబ్‌కోటు:

కోదాడ అన్నా, మీ మామయ్య లేచి నడవడం నిజం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ రెండో నెల నుంచి ఐదో నెల మధ్యలో ఇంజెక్షన్ లేనివాళ్లు కూడా చాలామంది లేస్తారు, మెదడు తనంతట తాను ఎక్కువగా కోలుకునేది ఆ మొదటి నెలల్లోనే. అందుకే ఒక మనిషిని చూసి తేల్చలేం. రెండు గుంపులు చేసి ఒకరికి ఇచ్చి, ఇంకొకరికి ఇవ్వకుండా పోల్చాలి.

ఆ పోలిక మన దేశంలోనే జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు ముందుండి ఐదు కేంద్రాల్లో 120 మందిపై చేశారు, 2014లో స్ట్రోక్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వీళ్లు చెబుతున్నట్టే తుంటి ఎముక నుంచి రోగి సొంత మూలుగ తీసి, కణాలు వేరు చేసి, సగటున 28 కోట్ల కణాలు నరంలోకి ఎక్కించారు. అది కూడా ఎనిమిది నెలలకు కాదు, పక్షవాతం వచ్చిన 7 నుంచి 30 రోజుల లోపే. ఆరు నెలల తర్వాత తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, నడవడం ఇలా ఒక్కోదానికి మార్కులు వేసి చూస్తే రెండు గుంపులకూ దాదాపు ఒకే మార్కులు. హాని ఏమీ కనబడలేదు, లాభమూ కనబడలేదు. కణాలు ఎక్కించనివాళ్లు కూడా అంతే కోలుకున్నారు, మీ మామయ్య విషయంలో నేను చెప్పేది ఇదే.

జపాన్‌లో దాత మూలుగ నుంచి పెంచిన కణాలను పక్షవాతం వచ్చిన ఒకటిన్నర రోజు లోపే 206 మందిపై పరీక్షించారు, 2024లో ఫలితం వచ్చింది. ముందుగా పెట్టుకున్న లక్ష్యం దగ్గర తేడా రాలేదు. పరిశోధన ఆగిపోలేదు, ఆగిపోవాలని నేనూ అనను, నేను బతికేది ఆ రంగంలోనే. కానీ పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బులు తీసుకోకూడదు. దేశంలో వైద్య పరిశోధనను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఇదే చెబుతాయి, రక్త రోగాలకు చేసే మూలుగ మార్పిడి ఒక్కటే ఒప్పుకున్న చికిత్స, పక్షవాతంతో సహా మిగతావన్నీ అనుమతి తీసుకున్న ట్రయల్‌లోనే చేయాలి. క్లినిక్ వాళ్లను ఒకటే అడుగు, మీ ట్రయల్ సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని. సీటీఆర్‌ఐ అంటే మన దేశంలో ఇలాంటి పరీక్షలను నమోదు చేసే ప్రభుత్వ జాబితా. నంబరు చెప్పి డబ్బులు అడిగినా తప్పే, నంబరు లేకుండా అడిగినా తప్పే.

మిర్యాలగూడ_పాప_అమ్మ:

మీ బావగారు తలసేమియా మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నా. మా పాపకు తలసేమియా మేజర్, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఐరన్ దిగడానికి రోజూ డెఫెరాసిరాక్స్ వేయాలి. మూలుగ మార్పిడి గురించి నేను తిరిగినంత మా ఊళ్లో ఎవరూ తిరిగి ఉండరు.

రక్తకణాలు పుట్టేదే మూలుగలో. అది నారుమడి లాంటిది, విత్తనంలోనే తేడా ఉంటే మడి మొత్తం చెడగొట్టి వేరే విత్తనం చల్లాలి. పిల్లకు ముందు గట్టి మందులతో పాత మూలుగను చంపేస్తారు, ఆ తర్వాత తోబుట్టువు మూలుగ ఎక్కిస్తారు. సరిపోయే అవకాశం ఒక్కొక్క తోబుట్టువుకు 25 శాతం. మా బాబుది సరిపోలేదు, అక్కడే ఆగిపోయాం. సరిపోయినవాళ్లకు కోల్ ఇండియా పథకం కింద పది లక్షల దాకా ఆసుపత్రికే నేరుగా కడతారు, తెలిసినవాళ్లెవరికైనా అవసరమైతే చెప్పండి. చిన్న వయసులో, ఐరన్ పేరుకుపోకముందే చేస్తే ఫలితం బాగుంటుందని అన్ని చోట్లా అన్నారు.

మాకు కూడా ఒక క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది, మీ పాప సొంత స్టెమ్ సెల్సే ఎక్కిస్తాం, దాత అక్కర్లేదు అని. పాప కణాల్లోనే కదా లోపం ఉంది, అవే తీసి అవే పెడితే ఏం మారుతుంది అని అడిగితే ఫోన్ పెట్టేశారు. సొంత కణాలనే బయటికి తీసి జన్యువును సవరించి మళ్లీ ఎక్కించే చికిత్స నిజంగా ఉంది, క్యాస్‌జెవీ అంటారు, తలసేమియాకు బ్రిటన్‌లో 2023లో, అమెరికాలో 2024లో ఒప్పుకున్నారు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. నాలుగున్నర లక్షల రూపాయలకు, ముందు కడితే యాభై వేలు తగ్గింపుకు వచ్చేది అది కాదు తమ్ముడూ.

నల్లగొండ_మైక్రోస్కోప్:

అందరూ ఇంజెక్షన్ దగ్గరే ఆగిపోయారు, ఆ సీబీపీ, అదే రక్తకణాల లెక్క పరీక్ష, ఎవరూ చూడలేదా?

నేను నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ను, డాక్టరును కాదు, కానీ రోజూ నా చేతి మీదుగా పోయేవి ఇవే. మగవాళ్లకు హిమోగ్లోబిన్ 16.5 దాటినా, రక్తంలో ఎర్ర కణాల శాతం చెప్పే పీసీవీ 49 దాటినా ఎందుకో చూడాలి. ఈయనకు 18.8, 57. దాంతో పాటు తెల్ల కణాలు ఎక్కువ, ప్లేట్‌లెట్లూ ఎక్కువే, 6.4 లక్షలు. మన దగ్గర హిమోగ్లోబిన్ తక్కువైతేనే భయపడతారు, ఎక్కువుంటే మనిషి గట్టివాడంటారు. ఎర్ర కణాలు మాత్రమే ఎక్కువైతే బీడీలు తాగడం వల్లనో, ఒంట్లో నీళ్లు తగ్గడం వల్లనో అనుకోవచ్చు. మూడూ కలిసి పెరిగితే మాత్రం మూలుగలోనే ఏదో ఉందేమోనని చూపించుకోవాలి. పాలిసైథీమియా వెరా అని ఒక రక్త రోగం ఉంది, మూలుగ అదుపు లేకుండా కణాలు తయారు చేస్తుంది, రక్తం చిక్కబడుతుంది, గడ్డలు కడుతుంది. కొందరిలో ఆ రోగం బయటపడేదే పక్షవాతంతో.

కనుక్కోవడం కష్టం కాదు. జాక్ టూ అనే జన్యువులో మార్పు కోసం మామూలు రక్త పరీక్ష, ఈ రోగం ఉన్నవాళ్లలో దాదాపు 95 శాతం మందికి ఆ మార్పు ఉంటుంది, 2005లో కనిపెట్టారు. ఎర్ర కణాలను తయారు చేయించే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ స్థాయి కూడా చూస్తారు. అవసరమైతే తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారు, అది పరీక్ష కోసం, తిరిగి ఎక్కించడానికి కాదు.

రోగం అదే అయితే వైద్యం ఖరీదైనది కూడా కాదు, రక్తం తీసి పీసీవీని 45 లోపల ఉంచడం, ఆస్పిరిన్, అవసరాన్ని బట్టి కణాల తయారీని తగ్గించే హైడ్రాక్సీయూరియా గోళీ. ఆ 45 ఊరికే పెట్టింది కాదు. ఇటలీలో 365 మందిపై చేసిన పరీక్షలో 45 దాటనిచ్చినవాళ్లలో గుండె జబ్బు చావులు, పెద్ద గడ్డలు నాలుగింతలు వచ్చాయి, 2013లో ప్రకటించారు. ముందు సీబీపీ మళ్లీ చేయించు, అదే అంకెలు వస్తే జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించి రక్త రోగాల డాక్టరు, అంటే హెమటాలజిస్టు దగ్గరికి రాయించుకో, నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఒక మాట, ఈ రోగం గుర్తుల్లో ఒకటి కాబట్టి అడుగుతున్నా, ఆయనకు స్నానం చేయగానే దురద పెడుతుందా?

దేవరకొండ_పత్తిచేను:

అన్నా, ఆ చివరి మాట చదివి అమ్మకు చెబితే ఆమె నోట మాట రాలేదు. రెండేళ్ల నుంచి స్నానం చేసి రాగానే ఒళ్లంతా గోక్కుంటాడు. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు కదా, బోరు నీళ్ల వల్లే అనుకుని సబ్బులు మార్చుకుంటూ కూర్చున్నాం.

కొన్ని వారాలు ఏమీ రాయలేదు, తిరుగుడే సరిపోయింది. సీబీపీలో మళ్లీ అవే అంకెలు. జాక్ టూ పాజిటివ్ వచ్చింది. ప్లీహం కొంచెం పెరిగిందని స్కానింగులో చెప్పారు. దాతల దగ్గర తీసినట్టే సంచిలోకి రక్తం తీస్తున్నారు, పీసీవీ ఇప్పుడు 48కి దిగింది, హైడ్రాక్సీయూరియా గోళీలు మొదలుపెట్టారు. ఊళ్లో మాత్రం పక్షవాతం మనిషి దగ్గర ఉన్న రక్తం కూడా గుంజుతున్నారని అమ్మను నానా మాటలూ అంటున్నారు, ఆమె భయపడుతోంది.

భూమి అమ్మలేదు. సీటీఆర్‌ఐ నంబరు అడిగితే క్లినిక్ వాళ్లు సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు, మళ్లీ ఫోన్ చేయలేదు. ఫిజియో అన్న దగ్గరికి ఆదివారం తర్వాత తీసుకొస్తాను.

రెండు ప్రశ్నలు. ఇది జన్యువు రోగమంటున్నారు కదా, నాకూ చెల్లెకూ పరీక్ష చేయించాలా? మా బావ ఇప్పుడు కొత్త పాట అందుకున్నాడు, మూలుగలోనే రోగమైతే మూలుగ మార్పిడి చేయిద్దామంటున్నాడు.

నల్లగొండ_మైక్రోస్కోప్:

ఈ మార్పు వంశపారంపర్యంగా వచ్చేది కాదు, ఎప్పుడో మూలుగలోని ఒక కణంలో మొదలవుతుంది. తలసేమియా లాగా అమ్మానాన్నల నుంచి రాదు. కొన్ని కుటుంబాల్లో ఒకరికంటే ఎక్కువమందికి కనబడుతుంది గానీ, మీకు జాక్ టూ ఇప్పుడు అక్కర్లేదు, ఎప్పుడైనా సీబీపీ చేయించుకుంటే ఆ అంకెలు చూసుకోండి చాలు.

బావకు చెప్పు, ఈ రోగానికి మూలుగ మార్పిడి మామూలుగా చేయరు. మార్పిడిలోనే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది, రక్తం తీయించుకుంటూ గోళీలు వేసుకుంటూ ఏళ్ల తరబడి బాగా ఉండేవాళ్లున్నారు. ఏళ్లు గడిచాక కొద్దిమందిలో మూలుగ గట్టిపడి మైలోఫైబ్రోసిస్‌గానో, ల్యుకేమియాగానో (బ్లడ్ క్యాన్సర్) మారితే అప్పుడు ఆలోచిస్తారు.

అమ్మకు ధైర్యం చెప్పు, తీసేది ఎక్కువైన రక్తమే. ఇంకా 45 రాలేదు కాబట్టి ఊళ్లోవాళ్ల మాటలు విని మధ్యలో ఆపొద్దు. హైడ్రాక్సీయూరియా మీద ఉన్నంతకాలం తెల్ల కణాలు మరీ పడిపోకుండా డాక్టరు రాసిన తేదీకి సీబీపీ చేయించాలి. రక్తం తీసినప్పుడల్లా ఐరన్ తగ్గి నీరసంగా ఉందంటాడు, అప్పుడు ఎవరో ఒకరు బలానికని ఐరన్ టానిక్ తెచ్చి పెడతారు. డాక్టరు చెప్పకుండా అది తాగించొద్దు, తాగితే ఎర్ర కణాలు మళ్లీ పెరుగుతాయి.