కన్నుల పండువ, కన్నుల పండుగ: ఒక్క అక్షరం

ప్రొద్దుటూరు సభ్యుడు:
మిత్రులకు నమస్కారం. వేసవి చిత్రాలు వరుసగా రాబోతున్నాయి కాబట్టి, థియేటరు ముందు కట్టే ఫ్లెక్సీకి ఒక మంచి తెలుగు పంక్తి రాసిపెట్టమని మా వీధి కుర్రవాళ్లు నన్ను అడిగారు. అడిగిన మరుక్షణం నా చిన్ననాడు విన్న ప్రకటన ఒకటి నోటి దాకా వచ్చి చివరి అక్షరం దగ్గర ఆగిపోయింది. పరీక్షలు ముగిసే రోజులలో ఒక పెద్దాయన జట్కా బండికి రెండు వైపులా వాల్‌పోస్టర్లు కట్టుకొని, మైకు పట్టుకొని ఊరంతా తిరిగేవారు. ఆయన విసిరే గులాబీ రంగు కరపత్రాల కోసం మేము బండి వెంట పరుగెత్తేవాళ్లం. "మండు వేసవి వేళ కన్నుల పండువ, నేడే విడుదల" అని ఆయన అనేవారని నా జ్ఞాపకం. నేను అలాగే రాసి ఇచ్చాను. కుర్రవాళ్లు "పండువ" అన్నది అచ్చుతప్పని, "పండుగ" అని దిద్దాలని అంటున్నారు. ఆ బండి ఆయన నిజంగా అన్నది ఏమిటి? ఫ్లెక్సీ రేపు ఉదయం అచ్చుకు వెళ్లాలి.

కర్నూలు సభ్యుడు (విశ్రాంత తెలుగు పండితుడు):
అయ్యా, అది అచ్చుతప్పు కానే కాదు. పగలు పవలు అయినట్టు, తీగ తీవ అయినట్టు పండుగ పండువ అయింది. గకార వకారాల మార్పు మన భాషలో ఎంత పాతదో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు. "కన్నుల పండువ" అన్నది పెద్దల నుండి ఒకే ముద్దగా వచ్చిన నానుడి. దానిలోని అక్షరాన్ని నేటి వాడుకకు అనుగుణంగా దిద్దే అధికారం మనకు లేదు. "రాత్రింబవళ్లు" చూడండి. విడిగా అన్నప్పుడు అందరమూ పగలు అనే అంటాము, కాని ఆ సమాసంలో మాత్రం పవలు ఈనాటికీ బతికే ఉంది. పాత రూపాలు సమాసాలలో తల దాచుకుంటాయని నేను నలభై ఏళ్లు పాఠం చెప్పాను.

అనంతపురం సభ్యురాలు:
అయ్యవారూ, మీ మాటపై గౌరవంతోనే ఒక సవరణ చెబుతాను. "రేయింబగళ్లు" అనే రూపం కూడా వాడుకలో ఉంది కదా? అక్కడ గకారం సమాసంలోనే నిలిచి ఉంది. కాబట్టి సమాసంలో ఉన్నది పాత రూపం అన్న సూత్రం పూర్తిగా నిలవదు. పైగా గకారం ముందా, వకారం ముందా అన్నది మాట మాటకూ మారుతుంది. పగలుకు తమిళంలో పగల్ ఉంది గనుక అక్కడ గకారమే పాతది. పవడము సంస్కృతంలోని ప్రవాళం నుండి వచ్చింది గనుక అక్కడ వకారమే పాతది, పగడము తరువాతి రూపం. ఒకే మార్పు రెండు దిక్కులా నడిచింది. పండుగకు తమిళంలో పండిగై ఉన్నది కాబట్టి గకారం వైపే నేను మొగ్గుతాను.

అసలు ఆ పంక్తిలో చూడవలసింది పండువను కాదు, వేసవిని. మా మడకశిర, హిందూపురం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో ఎండాకాలాన్ని బేసిగె అంటారు. పాత కన్నడంలో అది బేసగె. మన వేసగి, వేసంగి దానికి తోబుట్టువులు. మా పల్లెలలో పెద్దవాళ్లు నేటికీ వేసంగి అంటారే గాని వేసవి అనరు. ఆ బండి ఆయన మన సీమ మనిషే అయితే "మండు వేసంగి వేళ కన్నుల పండుగ" అనే అని ఉంటారు. రెండు చోట్లా గకారం పలికితేనే ఆ పంక్తి చెవికి కుదురుతుంది.

ప్రొద్దుటూరు సభ్యుడు:
అమ్మా, మీరు చెప్పినది చదివి ఇప్పటికి రెండు సార్లు పైకి అని చూసుకున్నాను. వేసవి, వేళ, పండువ అన్నప్పుడు వకారం నాలుగు చోట్ల వస్తుంది. వేసంగి, పండుగ అన్నప్పుడు గకారం రెండు చోట్ల వస్తుంది. మండు, పండు అన్న ప్రాస రెండింటిలోనూ ఉంది. మైకులో వకారం సాగదీయడానికి వీలుగా ఉంటుందని నాకు తోస్తున్నది, కాని ఇది జ్ఞాపకమో, నా ఇష్టమో తేల్చుకోలేకపోతున్నాను.

కడప సభ్యుడు:
వేసగి, వేసవి రెండూ నిఘంటువులలో ఉన్నవే. ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయం మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం కాబట్టి నాకు నిఘంటువు తిరగేసే అలవాటు కొంచెం ఎక్కువ. అయినా ఈ సంగతిలో నిఘంటువు కన్నా నోటి వాడుకనే నమ్మాలి. పండుగ జనం నోట పడి అరిగి పండగ అయింది. ఉకారం అకారమైంది. వాడుకలో ఉన్న మాట అలాగే అరుగుతుంది. పండువ అలా అరిగి "పండవ" కావడం నేను ఎక్కడా వినలేదు. అంటే ఆ మాట చదువుకున్న వారి నోటనే నిలిచింది గాని సంతలోకి దిగలేదు. జట్కా మీద నిలబడి అందరికీ వినపడేలా చెప్పే మనిషి సంతలోని మాటనే ఎంచుకుంటాడు.

పండుగ అన్న మాటకు అర్థం పండడంలో ఉన్నదని నా నమ్మకం. పంట చేతికి వచ్చినప్పుడు చేసుకునేది పండుగ. మన వైపు వేరుశనగ వానలకు వేసి దసరా దాటాక తీస్తారు. వేసవి నాటికి పొలం పని తగ్గుతుంది, చేతిలో నాలుగు రూపాయలు ఉంటాయి, ఏప్రిల్ చివరికి బడులు మూస్తారు, జూన్ 12 వరకు పిల్లలు ఇంట్లోనే ఉంటారు. 1977లో అడవి రాముడు, 2006లో పోకిరి, 2017లో బాహుబలి రెండవ భాగం మూడూ ఏప్రిల్ 28నే విడుదలయ్యాయి. పంచాంగంలో లేకపోయినా జనం ఎదురుచూసి చేసుకున్న పండుగ అది. దానిని పండువ అంటే ఎవరో పరాయి వారి వేడుకలా వినిపిస్తుంది.

కర్నూలు సభ్యుడు:
పండుగ పండు నుండి వచ్చిందన్నది వినడానికి బాగుంటుంది, కాని శివరాత్రికీ ఉగాదికీ ఏ పంట ఇంటికి వస్తుంది? ఆ వ్యుత్పత్తిని నేను ఒప్పుకోను. ఇక సంతలోకి దిగలేదన్న మాటకు జవాబు: మన సీమ నుండి వెళ్లి సినిమా తీసినవారు చదువు మాటనూ సంత మాటనూ వేరు చేయలేదు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారి పాతాళభైరవి 1951 మార్చి 15న, మాయాబజార్ 1957 మార్చి 27న, ఎండలు ముదిరే వేళకే వచ్చాయి. అక్షరం రాని వారు కూడా ఆ చిత్రాలలోని పద్యాలను అప్పజెప్పేవారు. పద్యం నోటికి వచ్చిన ఊరిలో "పండువ" అనలేని ప్రకటనకారుడు ఉంటాడా?

రాజంపేట సభ్యుడు:
పెద్దలందరూ చివరి అక్షరం మీదే ఉన్నారు. మా తాళ్లపాక వైపు నుండి చూస్తే ఆ పంక్తిలో అసలు మాట "కన్నుల" అన్నది. అన్నమయ్యను తలచుకోండి. "కంటి శుక్రవారము గడియలేడింట" అన్నాడు. అక్కడ కంటి అన్నది కన్ను కాదు, చూచితిని అన్న క్రియ. "పొడగంటిమయ్య మిమ్ము పురుషోత్తమా" అన్నప్పుడు కూడా అదే చూపు. చూడడాన్నే ఇంతగా పాడుకున్న కవి మరొకడు నాకు తెలియదు. గడియలేడు అన్నప్పుడు ఆయన వేళను కూడా చెప్పాడు: గడియకు ఇరవై నాలుగు నిమిషాల లెక్కన పొద్దు పొడిచిన రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు. తెరుస్తారని తెలిసిన తలుపు ముందు నిలబడి వేళ కోసం లెక్క పెట్టుకోవడం ఆ పదంలో నాకు వినిపిస్తుంది. మొదటి రోజు ఉదయపు ఆటకు వరుసలో నిలబడినప్పుడు నాకు ఆ పదం గుర్తుకు రాని సంవత్సరం లేదు. అందుకని ఫ్లెక్సీకి "కనువిందు" అని రాస్తే గకార వకారాల తగవే ఉండదు.

అనంతపురం సభ్యురాలు:
అన్నా, అన్నమయ్యను మీరు తెచ్చిన తీరుకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని విందు అన్న మాటకు పాత అర్థం అతిథి. తమిళంలో విరుందుకు కూడా అతిథి అన్న అర్థం ఉంది. కనువిందు అంటే కంటికి భోజనమా, కంటి ముందుకు వచ్చిన చుట్టమా? ఒక తగవు తీర్చడానికి ఇంకొకటి తెచ్చినట్టు అవుతుంది. నాకు మాత్రం రెండవ అర్థమే ఇష్టం. ఏడాదికి ఒకసారి వేసవిలో వచ్చే చుట్టంలాగా.

కడప సభ్యుడు:
మీరు కను దగ్గరికి వచ్చారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. వాల్‌పోస్టర్ల మీద అందరూ "వేసవి కానుక" అంటారు. కానుక కూడా కాను, అంటే చూచు అన్న ధాతువు నుండి వచ్చినదే. కన్నడంలో కాణికె, తమిళంలో కాణిక్కై. పెద్దలనో దేవుడినో చూడబోయినప్పుడు చేతిలో పట్టుకువెళ్లేది కానుక. దేవుని కడపలో హుండీలో మనం వేసేది అదే. అలాంటప్పుడు చిత్రం మనకు కానుక ఎలా అవుతుంది? చూడబోయేది మనం, టికెట్టు డబ్బు పట్టుకువెళ్లేది మనం. కానుక మనదే అవుతుంది.

కర్నూలు సభ్యుడు:
ఈ మాట మాత్రం నాకు కొత్త. దీనికి జవాబు వెదకాలి. పండువ సంగతిలో నా అభిప్రాయం మారలేదు.

ప్రొద్దుటూరు సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. సాయంత్రం మా వీధి చివర టీ అంగడి నడిపే పెద్దాయనను అడిగాను; ఆ జట్కా ఆయనకు బాగా గుర్తున్నది, గుర్రం రంగు కూడా చెప్పారు, కాని పంక్తి దగ్గరికి వచ్చేసరికి ఒకసారి పండువ అని, ఇంకొకసారి పండగ అని అన్నారు. పండగ అన్నప్పుడు కుర్రవాళ్లు సంబరపడ్డారు. ఫ్లెక్సీలో "మండు వేసవి వేళ కన్నుల పండు" వరకు కట్టించి చివర ఒక అక్షరానికి చోటు వదిలాను. వేసంగి సంగతి చదివాక ఆ "వేసవి" మీద కూడా నమ్మకం తగ్గింది. అచ్చు అంగడి ఉదయం పది గంటలకు తెరుస్తారు.