ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ పెట్టాలా?

పల్నాడు యూత్: అందరికీ వందనాలు. లైవ్ కోసం రెండు కెమెరాలు, ఒక కీబోర్డు అడిగితే మా సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీ కుదరదంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న మా ఊరి పిల్లలు వాక్యం వినేది ఫోన్‌లోనే. ఇక వాళ్లను చేరేదెలా?

కీర్తనాభిమాని: కీబోర్డు వచ్చాక మా గుడిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచేవాళ్లు లేరు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చదువురాని అమ్మమ్మలకు కంఠతా వచ్చేవి. ఇప్పుడు కరెంటు పోతే తెర మీద పాటా పోతుంది, పాడే గొంతులూ ఆగిపోతాయి.

పల్నాడు యూత్: అంకుల్, రాగతాళాల్లో కట్టిన ఆ కీర్తనలు కూడా ఒకప్పుడు కొత్తవే. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కేథడ్రల్ చూడండి. హిందూ గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిపి కట్టించారు అజరయ్య బిషప్ గారు. పెద్దలు చేస్తే సాక్ష్యం, మేం చేస్తే షో అయిపోతుందా?

తబలా చాలు: డ్రమ్స్ వద్దు. తబలా ఉంది కదా.

కీర్తనాభిమాని: మా అమ్మ పోయినప్పుడు ఆవిడ రోజూ పాడుకునే కీర్తన పాడమని యూత్ వాళ్లను అడిగాను. "రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాక్ లేదంకుల్" అన్నారు. పెట్టె పక్కన నేనొక్కణ్ణే పాడుకున్నాను.

పల్నాడు యూత్: అది తప్పే. కానీ లైవ్‌కీ దానికీ ఏం సంబంధం? క్రిస్మస్‌కు స్టార్ కట్టడానికి, కుర్చీలు మోయడానికి మేం కావాలి. కానుకల లెక్క అడిగితే మాత్రం "మీకెందుకు బాబూ" అంటారు.

కీర్తనాభిమాని: లెక్కా? ఉద్యోగాలు చేసే పిల్లలు దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఫోన్‌లో చూసే పాస్టర్లకు పంపిస్తున్నారు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి మాత్రం ఇక్కడే కావాలి.

పల్నాడు యూత్: లెక్క సంఘం ముందు పెడితే ఇక్కడే ఇస్తాం.

పేట అక్క: ఇద్దరూ కాస్త ఆగండి. మా అమ్మ బైబిలు స్త్రీ, అంటే సంఘం జీతమిచ్చే సువార్త సేవకురాలు. జనం కూలికి వెళ్లకముందే పేటలో ఇల్లిల్లూ తిరిగేది. చూపు ఆనని ముసలమ్మలకు వాక్యం చదివేది, బాలింతల దగ్గర కూర్చునేది. సౌండ్ సిస్టమ్ కొన్న ఏడాదే ఆమె జీతం ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఆ కూలీల మధ్యే మన బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. తొలి బోధకుల్లో ఒకరైన యెర్రగుంట్ల పేరయ్య గారు ఊరూరా నడిచారు. మనిషి దగ్గరికి మనిషి వెళ్లాడు తమ్ముడూ. మంచాన పడ్డవాళ్ల ఇంటికి ఇప్పుడు ఎవరు వెళ్తున్నారు?

పల్నాడు యూత్: అక్కా, జీతం ఆపింది మేం కాదు, కమిటీ.

కీర్తనాభిమాని: కానుకలు తగ్గాయమ్మా. వేరే దారి లేకపోయింది.

పేట అక్క: కెమెరాలు కొనండి, కీర్తనలూ పాడండి. వచ్చే ఏడాది బడ్జెట్‌లో బైబిలు స్త్రీ జీతం ఉంటుందా, లేదా? ఇద్దరూ అది చెప్పండి ముందు.