కన్‌స్ట్రక్టర్ అంటే "నిర్మాత" అనొచ్చా? తెలుగులో ఏమందాం?

సాయంత్రం బడి:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజుల్నుంచి ఇరుక్కుపోయాను, ఎవరైనా కాస్త బయటపడేయండి. పాలిటెక్నిక్ పిల్లలకి సాయంత్రాలు జావా (ప్రోగ్రామింగ్ భాష) చెప్తుంటాను, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన వాళ్ళే ఎక్కువ, వాళ్ళకోసమని తెలుగులో నోట్సు రాస్తున్నా. క్లాసు (నమూనా), ఆబ్జెక్టు (ఆ నమూనాతో చేసిన వస్తువు), మెథడ్ (అది చేసే పని) దాకా బండి బానే నడిచింది. కన్‌స్ట్రక్టర్, అంటే కొత్త ఆబ్జెక్టు చేసినప్పుడల్లా నడిచే కోడు ముక్క, దాని దగ్గరికొచ్చి "నిర్మాత" అని రాశాను. మర్నాడు ఒకడు లేచి "సార్, మరి డైరెక్టర్ ఎవరు?" అన్నాడు. ఇంక ఆ రోజు క్లాసు జరగలేదు.

నవ్వులాట సరే గానీ అసలు చిక్కు వేరే ఉంది. నిర్మాత అన్నాక పిల్లలు ఆబ్జెక్టుని పుట్టించేదే ఇది అనుకుంటున్నారు, "మరి ఆబ్జెక్టు కావాలన్నప్పుడల్లా న్యూ అని ఎందుకు రాయాలి సార్, దండగ కదా" అని అడుగుతున్నారు. మంచి మాట ఏదైనా ఉందా, లేక ఇంగ్లీషు మాటే ఉంచేయనా?

పాత పంతులు:
నిర్మాత వ్యాకరణం ప్రకారం తప్పేం కాదండీ. పని చేసేవాణ్ణి చెప్పడానికి సంస్కృతంలో రెండు ప్రత్యయాలు జోడుగా ఉన్నాయి, పాణిని రెంటినీ ఒకే సూత్రంలో చెప్పేశాడు, "ణ్వుల్‌తృచౌ" అని. తృచ్ చేరితే కర్త, నేత, దాత. ణ్వుల్ చేరితే కారక, నాయక, దాయక. మీ నిర్మాత తృచ్ వైపు మాట. ఇక్కడో చిన్న సంగతి గమనించండి, తెలుగులో దాత, నేత, శ్రోత అనగానే కళ్ళముందు మనిషి కనపడతాడు, అదే రెండో రకానికి చివర సున్నా చేరిస్తే వస్తువుకి చక్కగా అతుకుతుంది, సైన్సు పుస్తకాల్లో వాహకం, ఉత్ప్రేరకం అలా వచ్చినవే. ఆ లెక్కన మీకు కావలసింది "నిర్మాయకం", దాయకం లాగా. కాకపోతే అది వినగానే మాయ లేనిది అనిపిస్తుంది, అందుకని "నిర్మాపకం" అనండి, అంటే కట్టించేది. నా ఓటు దానికే.

అమీర్‌పేట బ్యాచ్:
పంతులుగారూ మీకో దండం. అన్నా, పేరు మార్చకు ప్లీజ్, రేపు ఇంటర్వ్యూలో పొల్లగాడు నిర్మాపకం అంటే అవతలోడు ఫోన్ పెట్టేస్తడు. మేము అమీర్‌పేటలో నేర్చుకున్నప్పుడు ఒకటే ముక్క బట్టీ కొట్టించిన్రు, క్లాసు పేరే దాని పేరు, రిటర్న్ టైపు (తిరిగిచ్చేది ఏ రకమో చెప్పే మాట) ఉండదు, న్యూ అన్నప్పుడు దానంతటదే కాల్ అయితది. దాని ముందర స్టాటిక్ అనే మాట పెట్టొచ్చా పెట్టరాదు, ఫైనల్ పెట్టొచ్చా పెట్టరాదు, అబ్‌స్ట్రాక్ట్ పెట్టొచ్చా పెట్టరాదు, ప్రైవేట్ మాత్రం పెట్టొచ్చు. గింతే. దీనికి తెలుగెందుకు?

గోంగూర డల్లాస్:
సంస్కృతం ఎందుకండీ, నేర్పరి, చూపరి లాగా "కుదుర్పరి" అందాం 😀

కోడుకూత:
కుదుర్పరి బాగుంది గానీ నేను ఒక మెట్టు వెనక్కి వెళ్తా, ఏమనుకోవద్దు. అసలు ఇంగ్లీషు మాటే సరిగ్గా లేదు, దాన్ని ఎంత బాగా తెలుగు చేస్తే తప్పు అంత బాగా వస్తుంది. కన్‌స్ట్రక్టర్ దేన్నీ కట్టదు. జావాలో న్యూ అనగానే ముందు మెమొరీలో జాగా వస్తుంది, ఆ జాగాలో అంకెల గళ్ళన్నీ సున్నా, మిగతావి నల్ (ఏమీ లేదు), ఫాల్స్ (కాదు) అయిపోయి ఉంటాయి, ఆ తర్వాతే కన్‌స్ట్రక్టర్ లోపలికి అడుగు పెడుతుంది. అంటే అది వచ్చేసరికే ఇల్లు లేచి ఉంది, సున్నం కూడా కొట్టేసి ఉంది (సున్నా అన్నా సున్నం అన్నా మీ ఇష్టం). అది చేసేది గృహప్రవేశం. పొయ్యి వెలిగించి పాలు పొంగించి, ఇదిగో ఇంక కాపురం పెట్టుకోవచ్చు అనడం. పాలు పొంగకుండా ఎవరినీ లోపల పడుకోనివ్వరు చూడండి, అదీ కన్‌స్ట్రక్టర్ పని, సగం సర్దిన ఆబ్జెక్టు ఎవరి చేతిలోనూ పడకుండా చూడటం.

వేరే భాషల వాళ్ళకి ఈ తేడా తెలుసు. ఆబ్జెక్టివ్ సి లో ఈ రెంటినీ విడివిడిగానే పిలిచేవాళ్ళు, అలోక్ అంటే జాగా, ఇనిట్ అంటే సర్దుడు. ఆపిల్ వాళ్ళు 2014లో తెచ్చిన స్విఫ్ట్‌లో ఆ ఇనిట్ పేరే నిలిచింది, ఆ భాష పుస్తకంలో కన్‌స్ట్రక్టర్ అనరు, ఇనిషియలైజర్ అంటారు. పైథాన్‌లోనూ అంతే, డండర్ న్యూ (పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉంటే డండర్) పుట్టిస్తుంది, డండర్ ఇనిట్ సర్దుతుంది, మనం రోజూ రాసేది రెండోది. ఇంకా పాత సంగతి, స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి విత్ క్లాసెస్ (తర్వాత సి ప్లస్ ప్లస్ అయింది) మొదలెట్టినప్పుడు దీన్ని న్యూ ఫంక్షన్ అనేవాడు, కన్‌స్ట్రక్టర్ అన్న పేరు తర్వాత వచ్చింది. పెట్టినవాడే మార్చుకున్న పేరు, మనం మార్చుకుంటే తప్పేంటి?

పాత పంతులు:
గృహప్రవేశం అన్నది నాకు నచ్చింది. నిర్మాపకం వెనక్కి తీసుకుంటున్నాను. పైగా ఒకటి తోచింది, ఇలాంటి చోట మనవాళ్ళు పనికి పేరు పెడతారు గానీ కనపడని మనిషిని ఒకణ్ణి తెచ్చి వాడికి పేరు పెట్టరు. శంకుస్థాపన, బారసాల, అక్షరాభ్యాసం, అన్నీ పనుల పేర్లే. ఇంగ్లీషువాడు చివర "ఓఆర్" తగిలించి కర్తని చేశాడు, మనం కర్తని వెతుక్కుంటూ కూర్చున్నాం.

సాయంత్రం బడి:
ఇదే, ఇదే నాకు కావలసింది. మొన్న జరిగింది చెప్తా, మీ మాటకి సరిగ్గా అతుకుతుంది. ఒకమ్మాయి ఖాతా అని క్లాసు రాసింది, నిజంగా తెలుగు లిపిలోనే రాసింది, జావా ఒప్పుకుంటుంది, చాలామందికి తెలీదు గానీ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఖాతాలో నిల్వ అని ఒక గడి. న్యూ ఖాతా అని బ్రాకెట్లో 500 ఇచ్చింది, ఎర్రర్. కన్‌స్ట్రక్టర్ ఎదురుగానే ఉంది, పేరు సరిపోయింది, లోపల 500 పుచ్చుకునే లైనూ ఉంది, అయినా అలాంటి కన్‌స్ట్రక్టరే లేదు పొమ్మంటోంది కంపైలర్ (మనం రాసిన కోడుని సరిచూసి యంత్రానికి అనువదించేది). సరే అని 500 తీసేసి ఖాళీ బ్రాకెట్లు పెట్టింది, ఎర్రర్ పోయింది, నిల్వ ప్రింట్ చేస్తే 0. ఇద్దరం కూర్చుని ముప్పావుగంట తలలు బాదుకున్నాం. చివరికి చూస్తే పేరు ముందర వాయిడ్ అని ఉంది, అంటే ఏమీ తిరిగివ్వదు అని చెప్పే రిటర్న్ టైపు. మెథడ్‌లు రాసీ రాసీ చెయ్యి అలవాటుగా కొట్టేసింది. వాయిడ్ పెట్టగానే అది కన్‌స్ట్రక్టర్ కాదు, క్లాసు పేరు పెట్టుకున్న మామూలు మెథడ్, అలా రాయడం తప్పు కూడా కాదు కాబట్టి ఆ లైను మీద కంపైలర్ నోరెత్తదు.

అమీర్‌పేట బ్యాచ్:
అన్నా ఇది నాకూ అయింది 😭 మరి ఖాళీ బ్రాకెట్లకి ఎట్ల నడిచింది అది, మనం రాయలేదు కదా?

కోడుకూత:
మనం ఒక్క కన్‌స్ట్రక్టర్ కూడా రాయకపోతే కంపైలర్ ఒక ఖాళీది పెడుతుంది బ్రో. ఆమె రాసింది వాయిడ్ వల్ల లెక్కలోకి రాలేదు కాబట్టి అది పెట్టింది. దీని రెండో ముఖం చూడు, వాయిడ్ తీసేసి సరిగ్గా 500 పుచ్చుకునేది రాశావనుకో, ఇప్పుడు ఖాళీ బ్రాకెట్లు పనిచేయవు, ఎందుకంటే నీది ఒకటి ఉంటే కంపైలర్ తన ఖాళీది పెట్టదు. హాస్టల్లో మెస్ లాంటిది, నువ్వు గదిలో వండుకోవడం మొదలెడితే మెస్‌లో నీ ప్లేటు కట్. రెండూ కావాలంటే రెండూ నువ్వే రాసుకోవాలి.

గోంగూర డల్లాస్:
ఒక క్లాసు మీద ఇంకోటి కట్టి తండ్రి క్లాసు, పిల్ల క్లాసు ఉన్నప్పుడు ఎవరు ముందు పాలు పొంగిస్తారు మరి?

కోడుకూత:
పెద్దవాళ్ళే ముందు. పిల్ల క్లాసు కన్‌స్ట్రక్టర్ అసలు పని మొదలయ్యేలోపు తండ్రిది అయిపోవాలి, తండ్రిదాన్ని పిలిచే సూపర్ అన్న మాట మనం రాయకపోయినా కంపైలర్ రాసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆ సూపర్ మొదటి లైనులోనే ఉండాలనేవాళ్ళు, 2025లో వచ్చిన జావా 25లో ఆ పట్టు కాస్త సడలించారు, ఇచ్చిన విలువలు సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకుని తర్వాత సూపర్ పిలవొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఒకటుంది, తండ్రి కన్‌స్ట్రక్టర్‌లోంచి పిల్ల క్లాసు తిరగరాసిన మెథడ్‌ని పిలవకండి, పిల్ల ఇంకా సర్దుకోలేదు, సున్నాలూ నల్‌లే కనపడతాయి. ఇంట్లో సామాను దిగకముందే చుట్టాన్ని కూర్చోమన్నట్టు, కూర్చోడానికి కుర్చీ ఉండదు.

పాత పంతులు:
మరి మాట సంగతి తేల్చండి, వంట గురించీ చుట్టాల గురించీ బాగానే నడుస్తోంది.

సాయంత్రం బడి:
తేల్చేశా పంతులుగారూ. మాట కన్‌స్ట్రక్టరే ఉంచుతున్నా, అమీర్‌పేట తమ్ముడు చెప్పినట్టు పిల్లలకి రేపు ఉద్యోగాల్లో కావాలి. కానీ మొదటిసారి వచ్చిన చోట పక్కన "తొలి అమరిక" అని రాస్తున్నా, పనికి పేరు పెట్టమన్నారు కదా. అంతకంటే ముఖ్యంగా నోట్సులో "నిర్మిస్తుంది" అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి "అమరుస్తుంది" అని మార్చాను, పదకొండు చోట్ల ఉంది ఆ క్రియ. నామవాచకం గురించి వారం కొట్టుకున్నా గానీ పిల్లల్ని దారి తప్పించింది ఆ క్రియే అనిపిస్తోంది.

పాత పంతులు:
తొలి అమరిక బాగుంది. రెండు మాటలైనా ఫరవాలేదు.

గోంగూర డల్లాస్:
కుదుర్పరికి ఒక్క ఓటు కూడా పడలేదు, గుర్తుపెట్టుకుంటా. మరి డిస్ట్రక్టర్‌ని, ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచేదాన్ని, ఏమంటారు?

కోడుకూత:
జావాలో అది లేదు లెండి, ఇల్లు ఖాళీ అయ్యాక వాడని జాగాని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ తీరిక చూసుకుని వస్తాడు. సి ప్లస్ ప్లస్ వాళ్ళు వేరే థ్రెడ్ పెట్టుకోండి.

సాయంత్రం బడి:
ఇవాళ క్లాసులో గృహప్రవేశం కథ చెప్పి వచ్చా. అంతా విని ఆ ఖాతా అమ్మాయి అంది, "అయితే సార్, ఆ రోజు నేను వాయిడ్ పెట్టేసరికి ఇల్లు ఉంది గానీ పాలు పొంగలేదన్నమాట."